‘రెస్పాన్సివ్’ అంటే స్పందించడమేనా?

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో డాక్యుమెంట్ల పని చూస్తున్నాను. ఈ రెండు నెలల్లో ‘రెస్పాన్సివ్’ అనే మాట మూడు చోట్ల ఎదురైంది. ఆఫీసులో నా అప్రైజల్ (పనితీరు అంచనా) కాగితం మీద ‘నీడ్స్ టు బి మోర్ రెస్పాన్సివ్’ అని రాశారు. నేనేమో వచ్చిన ప్రతి మెయిల్‌కూ అయిదు నిమిషాల్లో బదులిస్తాను. మా అన్న చిన్న కాంట్రాక్టరు. గడువుకు రెండు రోజుల ముందే టెండరు వేస్తే ‘నాన్ రెస్పాన్సివ్’ అని పక్కన పెట్టేశారు. ధర కూడా తక్కువే వేశాడంట. మా నాయనకు షుగర్ పడిపోయి ఆస్పత్రికి తీసుకుపోతే కేస్ షీట్‌లో ‘అన్‌రెస్పాన్సివ్’ అని రాశారు. దేవుడి దయవల్ల అరగంటలో లేచి కూర్చున్నాడు. అదే ఫైల్లో రక్తపరీక్ష కాగితం మీద ‘నాన్ రియాక్టివ్’ అని ఉంది. రెండూ ఒకటేనేమోనని మా అమ్మ ఇప్పటికీ దిగులు పడతా ఉంది. నిఘంటువులో ‘స్పందించే’ అని ఒక్క ముక్క ఉంది. ఇవన్నీ ఒకే మాటేనా? ఎట్టా వాడాలి? అప్రైజల్‌కు జవాబుగా ‘ఐ విల్ బి రెస్పాన్సివ్ ఫర్ ఆల్ మెయిల్స్’ అని రాద్దామనుకున్నాను. సరేనా?

జవాబు: ముందు మీ అమ్మగారి దిగులు తీరాలి. ‘నాన్ రియాక్టివ్’ భయపడాల్సిన మాట కాదు. హెపటైటిస్ బి, హెచ్‌ఐవి లాంటి పరీక్షల్లో రక్తాన్ని కిట్‌లోని పదార్థంతో కలిపి చూస్తారు. వాళ్లు వెతికే గుర్తు రక్తంలో ఉంటే చర్య జరుగుతుంది, అది ‘రియాక్టివ్’. గుర్తు దొరక్కపోతే ‘నాన్ రియాక్టివ్’. అంటే ఆ కాగితం చెప్పేది మంచి కబురే. దానికీ మీ నాయన స్పృహకూ సంబంధం లేదు. ఈ మాట ఇవాళే ఆమెకు చెప్పండి, తక్కినవి తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇక అసలు మాట. మిమ్మల్ని తికమక పెట్టింది ఇంగ్లీషు కాదు, నిఘంటువులోని ఆ తెలుగు ముక్క. ‘స్పందన’ సంస్కృతం. స్పంద్ అంటే అదరడం, కదలడం. కన్ను అదిరినా స్పందనే, గుండె కొట్టుకున్నా స్పందనే. ‘రెస్పాన్సివ్’ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ‘స్పాండేరే’ అంటే మాట ఇవ్వడం, దాని ముందు ‘రె’ చేరితే తిరిగి మాట ఇవ్వడం, బదులు పలకడం. స్పాన్సర్ కూడా ఈ ఇంటి మాటే, పూచీ పడి మాట ఇచ్చినవాడు. ‘స్పంద్’, ‘స్పాండ్’ చెవికి దగ్గరగా ఉన్నాయి గనుక ఒకే వేరు అనుకుంటాం. కాదు, వేరు వేరు ధాతువులు. పైగా 2019 నుంచి కొన్నేళ్లు సోమవారాల్లో కలెక్టరేట్లలో అర్జీలు తీసుకునే కార్యక్రమానికి ‘స్పందన’ అనే పేరు ఉండటంతో ఆ మాట ఇంకా బలంగా నాటుకుంది.

తేడా ఎక్కడంటే, స్పందించడానికి కదిలితే చాలు. రెస్పాన్సివ్ అనిపించుకోవాలంటే అడిగినదానికి జవాబు రావాలి. అందుకే ఈ మాట కనబడ్డప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకోండి. దేనికి బదులు? ఆ బదులు దానికి తగ్గట్టుగా ఉందా? మీ మూడు కాగితాలూ ఈ రెండు ప్రశ్నలతో విడిపోతాయి.

మీ అన్నగారి టెండరు చూడండి. ‘దేనికి?’ అంటే, టెండరు పత్రంలో వాళ్లు అడిగిన షరతులకు. గడువు లోపల వేయడం ఆ షరతుల్లో ఒకటి మాత్రమే. సాధారణంగా ముందు కాగితాలు పరిశీలిస్తారు: ధరావతు కట్టారా, అడిగిన రూపంలోనే కట్టారా, రిజిస్ట్రేషన్ ఆ తరగతి పనికి సరిపోతుందా, సంతకం ఉందా, బిడ్ ఎన్ని రోజులు చెల్లుబాటులో ఉండాలన్నారో అన్ని రోజులు ఒప్పుకున్నారా. వీటిలో దాటింది ‘రెస్పాన్సివ్ బిడ్’. దాటనిది ‘నాన్ రెస్పాన్సివ్’. రెండు కవర్ల పద్ధతిలో అయితే దాటనివాళ్ల ధర కవరు తెరవనే తెరవరు. ధర తక్కువ వేశాడంట అన్నారు, ఆ తక్కువ ధరను ఎవరూ చూసి ఉండకపోవచ్చు. పని దక్కేది అందరిలోకీ తక్కువ వేసినవాళ్లకు కాదు, ‘లోయెస్ట్ రెస్పాన్సివ్ బిడ్డర్’కు, అంటే షరతులకు సరిపోయినవాళ్లలో తక్కువ వేసినవాళ్లకు.

చిన్న కాంట్రాక్టర్లు ఎక్కువగా దెబ్బ తినేది ఒక చోట. అన్నీ సరిగ్గా పెట్టి, చివర ఒక లెటరు జత చేస్తారు: ‘సిమెంటు రేటు పెరిగితే మా రేటు కూడా పెంచాలి’ అని. రాసినవాళ్లకు అది న్యాయమైన మనవి. చదివేవాళ్లకు అది షరతు పెట్టిన బిడ్. అడిగినదానికి జవాబు రాలేదు, మరో ప్రశ్న వచ్చింది. వెంటనే ‘నాన్ రెస్పాన్సివ్’. 90 రోజుల చెల్లుబాటు అడిగితే 60 రోజులు రాసినా ఇదే గతి. కూడికల్లో తప్పుంటే చాలా టెండరు పత్రాలు దాన్ని సరిదిద్దే పద్ధతి చెబుతాయి. ధరావతు లేకపోతే సరిదిద్దడానికి ఏమీ ఉండదు. చిన్న చిన్న లోపాలున్నా ముఖ్యమైన షరతులన్నిటికీ సరిపోయే బిడ్‌ను ‘సబ్‌స్టాన్షియల్లీ రెస్పాన్సివ్’ అంటారు. ఆ మాట పత్రంలో ఉంటే దేన్ని చిన్న లోపంగా లెక్కిస్తారో సాధారణంగా అదే పత్రంలో రాసి ఉంటుంది, చదవమనండి. ఏ షరతు దగ్గర ఆగిపోయిందో ఆఫీసును రాతపూర్వకంగా అడగమనండి. కారణం తెలిస్తే వచ్చేసారి అదే గుంతలో పడడు.

ఒక భాషా విషయం కూడా ఇక్కడే. మామూలు వాడుకలో ‘వెరీ రెస్పాన్సివ్’, ‘మోర్ రెస్పాన్సివ్’ అనవచ్చు. టెండర్లలో మాత్రం ‘వెరీ రెస్పాన్సివ్ బిడ్’ అనరు. షరతులకు సరిపోయింది, లేదా సరిపోలేదు, అంతే.

మీ నాయన కేస్ షీట్‌లో ‘అన్‌రెస్పాన్సివ్’ పక్కన ‘టు’ లేదు. ఇది చాలా ముఖ్యం. మనిషి గురించి ఒంటరిగా ‘అన్‌రెస్పాన్సివ్’ అని రాస్తే, పిలిచినా గిల్లినా బదులు లేదని. తెలుగులో దీనికి ‘స్పందన లేదు’ కన్నా పాతదీ కచ్చితమైనదీ ఇంట్లోనే ఉంది: ఉలుకూ పలుకూ లేదు. అంబులెన్సులో, అత్యవసర విభాగంలో సిబ్బంది చూసే నాలుగు మెట్లను ఈ మాటతోనే చెప్పుకోవచ్చు. మొదట, మనిషి తనంతట తాను మెలకువగా ఉన్నాడా? లేకపోతే గట్టిగా పేరు పెట్టి పిలుస్తారు. కళ్లు తెరిచినా, మూలిగినా పలుకు ఉన్నట్టు. అదీ లేకపోతే మెడకూ భుజానికీ మధ్య కండను గట్టిగా నొక్కుతారు. మొహం చిట్లించినా, చెయ్యి లాక్కున్నా ఉలుకు ఉన్నట్టు. ఇదీ లేకపోతే ‘అన్‌రెస్పాన్సివ్’. ఆ క్షణాన కనబడ్డది రాసిన మాట అది, ఏమవుతుందో చెప్పిన జోస్యం కాదు. షుగర్ పడిపోయి ఉలుకూ పలుకూ లేని మనిషి, గ్లూకోజ్ ఎక్కాక నిమిషాల్లో లేచి మాట్లాడవచ్చు. మీ ఇంట్లో జరిగింది అదే.

ఇదే మాటకు ‘టు’ చేరితే అర్థం పూర్తిగా మారుతుంది. ‘ది ఇన్‌ఫెక్షన్ ఈజ్ అన్‌రెస్పాన్సివ్ టు దిస్ యాంటీబయాటిక్’ అంటే రోగి స్పృహలో లేడని కాదు, ఇన్‌ఫెక్షన్ ఈ మందుకు లొంగడం లేదని. జబ్బు మందుకు లొంగింది, లొంగలేదు అనే మన వాడుక ‘రెస్పాన్సివ్ టు ట్రీట్‌మెంట్’కు అచ్చంగా సరిపోతుంది. ఆ రోగి మంచం మీద కూర్చుని టీ తాగుతూ ఉండవచ్చు. కేస్ షీట్ చదివేటప్పుడు ముందు ‘టు’ ఉందో లేదో చూడండి, సగం భయం పోతుంది.

ఇంకొక మాట పక్కకు వచ్చి చెప్పక తప్పదు. ఇంట్లో ఎవరైనా ఉలుకూ పలుకూ లేకుండా పడి, ఊపిరి కూడా మామూలుగా లేకపోతే, ఫోన్లో ‘అన్‌కాన్షస్’ అనాలా ‘అన్‌రెస్పాన్సివ్’ అనాలా అని ఆలోచించకండి. 108కి చేసి తెలుగులో ‘పిలిస్తే పలకడం లేదు, ఊపిరి ఆడటం లేదు’ అనండి. ఆ పని తెలిసినవాళ్లెవరైనా దగ్గర ఉంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5, 6 సెంటీమీటర్లు దిగేటట్టు నొక్కడం మొదలుపెట్టాలి.

‘రియాక్టివ్’కూ ‘రెస్పాన్సివ్’కూ తేడా ఆస్పత్రిలోనే బాగా కనబడుతుంది. కంట్లో టార్చి వేస్తే కనుపాప ముడుచుకుంటుంది. దాన్ని డాక్టర్లు ‘రియాక్టివ్ టు లైట్’ అని రాయడమే వాడుక. అది చర్య, అందులో మనిషి ఇష్టంతో పని లేదు. రసాయనాల విషయంలోనూ ‘రియాక్టివ్’ అనే అంటారు. మనుషుల పనితీరులో ‘రియాక్టివ్’ తిట్టులాంటిది: నెత్తిన పడ్డాక ఉలిక్కిపడి చేసేవాడు. ‘రెస్పాన్సివ్’ మెచ్చుకోలు: పిలిస్తే పలికేవాడు. మొక్కులు తీర్చే దేవుణ్ణి మనవాళ్లు పిలిస్తే పలికే దేవుడు అంటారు చూడండి, ఆ పలకడంలో వినడం, తగిన పని చేయడం రెండూ ఉన్నాయి. దున్నపోతు మీద వాన పడ్డట్టు ఉండేవాడు దీనికి సరిగ్గా ఎదురు.

ఇప్పుడు మీ అప్రైజల్. మీ పై అధికారి అక్కడ ‘టు’ రాయలేదు గనుక ‘దేనికి?’ అన్నది ఖాళీగా ఉంది. మీరు ఆ ఖాళీని వేగంతో నింపుకున్నారు. వేగానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, ‘ప్రాంప్ట్’. ప్రాంప్ట్‌గా ఉండి కూడా రెస్పాన్సివ్ కాకపోవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. కొనుగోలుదారు మూడు విషయాలు అడుగుతూ మెయిల్ పెట్టాడు: కంటైనర్ నంబరు ఏమిటి, హెల్త్ సర్టిఫికెట్ ఏ రోజుకు వస్తుంది, బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే రసీదులో) మా కొత్త చిరునామా వేశారా. మూడో నిమిషంలో మీనుంచి ‘నోటెడ్, విల్ చెక్ అండ్ రివర్ట్’ అని వెళ్లింది. స్పందన ఉంది, జవాబు లేదు. మూడు ప్రశ్నలూ అట్లాగే ఉన్నాయి. అదే గంట తర్వాత ‘కంటైనర్ నంబరు ఇది, సర్టిఫికెట్ గురువారం సాయంత్రానికి వస్తుంది, చిరునామా ఇంకా మార్చలేదు, ముసాయిదా మార్చి రేపు 11 గంటల లోపల పంపుతాను’ అని వెళ్తే అది రెస్పాన్సివ్. చిరునామా మార్చలేదన్న నిజం చెప్పినా అది రెస్పాన్సివే, ఎందుకంటే అడిగినదానికి జవాబు వచ్చింది.

అన్నట్టు, ‘రివర్ట్’ను బదులివ్వడం అనే అర్థంలో మన దేశంలో ధారాళంగా వాడతాం. బయటి దేశాల్లో చాలామందికి దాని అర్థం పాత స్థితికి వెనక్కి పోవడం. మీ మెయిళ్లు విదేశీ కొనుగోలుదారులకు పోతాయి గనుక ‘రిప్లై’ అనే వాడండి.

అమెరికా కోర్టుల్లో ‘నాన్ రెస్పాన్సివ్’ అని లాయరు అభ్యంతరం చెప్పడం ఉంది. ‘ఆ రాత్రి మీరు షాపులో ఉన్నారా?’ అని అడిగితే, సాక్షి ‘ఆ షాపు యజమాని మంచివాడు కాదు’ అంటాడు. బదులు వెంటనే వచ్చింది, గట్టిగా కూడా వచ్చింది. అడిగిన ప్రశ్నకు మాత్రం కాదు. మీ మెయిలూ మీ అన్న టెండరూ చిక్కుకున్నది ఈ ఒక్క చోటే.

వాడకంలో మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా తప్పిపోయేది ‘ఫర్’. ‘రెస్పాన్సిబుల్ ఫర్’ అని బడిలో నేర్చుకున్న నోటికి ‘రెస్పాన్సివ్ ఫర్’ అని వచ్చేస్తుంది. రెండూ ఒకే వేరు నుంచి వచ్చినా పని వేరు. మన భాషలోనే పోలిక ఉంది: జవాబు, జవాబుదారీ. జవాబు ఇచ్చేది రెస్పాన్సివ్. జవాబుదారీ వహించేది రెస్పాన్సిబుల్. ‘షి ఈజ్ రెస్పాన్సిబుల్ ఫర్ ది ఇన్‌వాయిసెస్’ అంటే ఇన్‌వాయిసుల పూచీ ఆమెది. ‘షి ఈజ్ రెస్పాన్సివ్ టు ది బయర్స్’ అంటే కొనుగోలుదారులు అడిగితే పలుకుతుంది. రెస్పాన్సివ్ తర్వాత వచ్చేది ‘టు’. దాని తర్వాత నామవాచకం రావాలి: ‘టు కంప్లయింట్స్’, ‘టు క్వెరీస్’, ‘టు దెయిర్ నీడ్స్’. ఇక్కడే రెండో గుంత ఉంది. ‘టు’ కనబడగానే క్రియ పెట్టేస్తాం: ‘హి ఈజ్ రెస్పాన్సివ్ టు సాల్వ్ ప్రాబ్లమ్స్’. ఇది తప్పు. ఆ భావం కావాలంటే ‘హి ఈజ్ క్విక్ టు సాల్వ్ ప్రాబ్లమ్స్’ అనాలి.

వ్యతిరేకం ‘అన్‌రెస్పాన్సివ్’. ‘నాన్ రెస్పాన్సివ్’ ఎక్కువగా టెండర్లకు, కోర్టు సాక్ష్యానికి, మందు పనిచేయని చోటకు అలవాటైంది. ‘ఇర్రెస్పాన్సిబుల్’ అంటే బాధ్యత లేనివాడని, పొరపాటున కూడా ‘అన్‌రెస్పాన్సివ్’ బదులు వాడకండి, అవతలివాళ్లకు కోపం వస్తుంది. పలికేటప్పుడు ఊనిక ‘పాన్’ మీద ఉండాలి, మొదటి అక్షరం ‘రె’ కన్నా ‘రి’కి దగ్గర. స్పెల్లింగులో ‘ఎన్’ తర్వాత ‘ఎస్’, ‘సి’ కాదు.

తక్కిన రంగాల్లో ఈ మాట తగిలినా ‘దేనికి?’ అన్న ప్రశ్నే తాళంచెవి. వరి గురించి ‘ఫర్టిలైజర్ రెస్పాన్సివ్ వెరైటీ’ అని చదువుతాం. ఇందులో ‘టు’ కనబడదు, ‘ఫర్టిలైజర్’ ముందుకు జరిగి కూర్చుంది. పాతకాలపు పొడుగు రకాలకు యూరియా ఎక్కువ వేస్తే ఏమయ్యేదో పెన్నా కింద రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైరు ఏపుగా పెరిగి, గాలికి పడిపోయి, తాలు ఎక్కువయ్యేది. అక్కడా స్పందన ఉంది, ఆకు నల్లబడి ఎదిగింది. గింజ రూపంలో జవాబు రాలేదు. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్ 8 లాంటి పొట్టి రకాలు పిలకలు వేసి, పడిపోకుండా నిలబడి, వేసిన నత్రజనిని గింజగా తిరిగి ఇచ్చాయి. ఆ తిరిగి ఇవ్వడమే ‘రెస్పాన్సివ్’. ఎరువు ఎంత వేస్తే అంత పండుతుందని దానికి అర్థం కాదు. చెరువుల దగ్గర మాత్రం ఈ విశేషణం అతకదు. రొయ్య మేత సరిగా తీసుకోకపోతే చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే పళ్లెం) చూసి ‘ఫీడ్ రెస్పాన్స్ ఈజ్ పూర్’ అంటారు. నామవాచకం సాఫీగా నడిచే చోట దాన్నే వాడాలి, ప్రతిచోటా ‘రెస్పాన్సివ్’ దూర్చనక్కరలేదు.

బండి విషయంలో మన రైతుల మాటే అందం. ఒంగోలు ఎద్దు మాట వింటుంది అంటారు, పగ్గం కదిపితే తిరుగుతుంది గనుక. ‘రెస్పాన్సివ్ స్టీరింగ్’ అంటే మాట వినే స్టీరింగే.

‘రెస్పాన్సివ్ వెబ్‌సైట్’ అంటే త్వరగా తెరుచుకునే సైటని చాలామంది అనుకుంటారు. కాదు. 2010లో ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ డిజైనర్ ఈ పేరు పెట్టినప్పుడు ఉద్దేశించింది తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకునే పేజీని. కంప్యూటర్లో కిటికీని పక్కనుంచి చిన్నది చేసి చూడండి. అక్షరాలు, బొమ్మలు వరస మార్చుకుని అమరితే రెస్పాన్సివ్, అడ్డంగా జరుపుకుంటూ చదవాల్సి వస్తే కాదు. యాప్ గురించి ‘ఇట్ ఈజ్ వెరీ రెస్పాన్సివ్’ అంటే మాత్రం వేలు తాకగానే పని చేస్తుందని. ఒకచోట ప్రశ్న అడిగేది తెర, ఇంకోచోట వేలు.

ఇంకొకటి మన జిల్లాల్లోనే ఎప్పటినుంచో ఉంది. నెల్లూరులో 1840లో, ఒంగోలులో 1866లో అడుగుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ సంప్రదాయంలో ‘రెస్పాన్సివ్ రీడింగ్’ అని ఒక భాగం ఉంది. పాస్టరుగారు ఒక వచనం చదివితే, సంఘమంతా తర్వాతి వచనం చదువుతుంది. ఇందులో వేగం లేదు, చురుకు లేదు. ఉన్నది వంతు ప్రకారం బదులు మాత్రమే. బుర్రకథలో కథకుడికి వంతలు అందుకున్నట్టు. ‘రెస్పాన్సివ్’ పుట్టుకతో తెచ్చుకున్న అర్థానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఈ వాడుకే.

మీరు రాయబోయిన వాక్యానికి వద్దాం. ‘ఫర్’ను ‘టు’ చేస్తే వ్యాకరణం సరిపోతుంది. అయినా అది పంపవద్దు. ‘నేను రెస్పాన్సివ్‌గా ఉంటాను’ అని మాట ఇవ్వడంలో ఎదుటివాళ్లు చూసుకోగలిగేది ఏమీ లేదు. రెజ్యూమెల్లో ‘ఐ యామ్ ఎ రెస్పాన్సివ్ పర్సన్’ అన్న వాక్యం తేలిపోయేది కూడా ఇందుకే. ముందు మీ పై అధికారినే అడగండి: ‘కుడ్ యు షో మి టూ ఆర్ త్రీ మెయిల్స్ వేర్ మై రిప్లై వాజ్ నాట్ రెస్పాన్సివ్ టు ది క్వెరీ?’ అంటే, అడిగినదానికి నా జవాబు సరిపోని మెయిళ్లు రెండు మూడు చూపిస్తారా అని. ఆయన చూపినవి పక్కన పెట్టుకుని, అప్రైజల్ కాగితంలో ఇట్లా రాయండి: ‘ఐ విల్ ఆన్సర్ ఎవ్రీ పాయింట్ ఇన్ ఎ బయర్స్ మెయిల్, అండ్ వేర్ ఐ కెనాట్ ఆన్సర్ ది సేమ్ డే, ఐ విల్ గివ్ ఎ డేట్.’ ఈ వాక్యంలో ‘రెస్పాన్సివ్’ అన్న మాట లేదు, అవసరమూ లేదు.